గేట్ల కింద నేల: హైడ్రాలిక్ జంప్ అడుగున ఒత్తిడి కథ

వానాకాలం మొదలైతే భద్రాచలం మన్యంలో రెండు రకాల అంకెలు అందరి నోళ్లలోనూ నానుతుంటాయి. మొదటిది గోదావరి మట్టం. 43 అడుగులకు తొలి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడి బడిపిల్లలకు కూడా ఇవి కంఠతా వచ్చు. రెండోది గేట్ల లెక్క. తాలిపేరు 25 గేట్లలో ఎన్ని లేపారు, కిన్నెరసాని 407 అడుగుల పూర్తి మట్టానికి ఇంకెంత దూరంలో ఉంది అని అడుగుతారు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కురిసిన వాన చర్ల మండలంలోని తాలిపేరుకు గంటల్లోనే వచ్చి పడుతుంది. అందుకే ఈ అంకెల మీద జనం చెవులు పెట్టుకుని ఉంటారు.

ఈ రెండు అంకెలూ నీటి పైభాగం గురించినవి. గేటు కింది నుంచి దూసుకొచ్చిన నీరు కాంక్రీటు నేలను ఎలా బాదుతోందో, ఆ నేల దానికి ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె ఏ వరద బులెటిన్‌లోనూ కనిపించదు. ప్రపంచంలో కొన్ని పెద్ద స్పిల్‌వేలు దెబ్బతిన్నది మాత్రం అక్కడే, ఎవరికీ కనిపించని ఆ నేల దగ్గరే. ఆ నేల మీద ఒత్తిడి క్షణక్షణం ఎలా మారుతుందో పరిశోధకులు ఇంతవరకు ఏం తేల్చారు, ఏది ఇంకా తేలలేదు, గోదావరి ఇసుక మీద కడుతున్న మనకు అందులో పనికొచ్చేది ఏమిటి అన్నది ఒకచోట చేర్చి చూడవలసిన అవసరం ఉంది.

ముందుగా నీరు చేసే పని చూద్దాం. సెకనుకు 1000 ఘనపు మీటర్ల నీరు, అంటే సుమారు 35 వేల క్యూసెక్కులు, 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే అందులో దాదాపు 98 మెగావాట్ల శక్తి ఉంటుంది. ఆ శక్తిని అలాగే వదిలేస్తే కింది నది అడుగును తవ్వుకుంటూ పోయి చివరికి కట్టడం పాదాన్నే తాకుతుంది. కాబట్టి స్పిల్‌వే పాదం దగ్గర కాంక్రీటు నేల, పక్కగోడలు కట్టి, వేగంగా పలుచగా వచ్చే నీరు ఒక్కసారిగా లేచి లోతుగా, నెమ్మదిగా మారేలా చేస్తారు. ఆ లేవడాన్నే ఇంజనీర్లు హైడ్రాలిక్ జంప్ అంటారు. అది జరిగే తొట్టి పేరు స్టిల్లింగ్ బేసిన్.

జంప్ గణితం పాతదే. ఇటలీలో జార్జియో బిడోనే 1818 ప్రాంతంలో దీని మీద ప్రయోగాలు చేశాడు. ఫ్రాన్స్‌లో బెలాంజే తర్వాతి దశాబ్దాల్లో ద్రవ్యవేగ సూత్రంతో దానికి సమీకరణం కట్టాడు. ఇప్పటికీ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చెప్పేది అదే. పది మీటర్ల వేగశీర్షం ఉన్న నీరు, అంటే పది మీటర్ల ఎత్తు నుంచి పడినంత వేగం ఉన్న నీరు, సెకనుకు 14 మీటర్ల వేగంతో, ఒక మీటరు మందాన వస్తోందనుకోండి. దాని వేగాన్ని లోతుతో పోల్చి చెప్పే ఫ్రౌడ్ సంఖ్య సుమారు 4.5. బెలాంజే సూత్రం ప్రకారం జంప్ తర్వాత లోతు 5.8 మీటర్లు అవుతుంది. వచ్చిన శక్తిలో 44 శాతం ఆ కల్లోలంలోనే ఖర్చవుతుంది. అమెరికా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్‌లో బ్రాడ్లీ, పీటర్కా 1950ల్లో చేసిన విస్తారమైన ప్రయోగాలు ఈ లెక్కను డిజైన్ పట్టికలుగా మార్చాయి. పీటర్కా పేరుతో వచ్చిన 25వ మోనోగ్రాఫ్ ఇప్పటికీ డిజైన్ కార్యాలయాల బల్లల మీద ఉంటుంది. మన ప్రమాణం ఐఎస్ 4997, 1968లో వచ్చింది. ఫ్రౌడ్ సంఖ్య 4.5 లోపలా, పైనా అన్నదాన్ని బట్టి బేసిన్ రకాన్ని ఎంచుకోమంటుంది.

ఈ సంప్రదాయం మొత్తంలో నీటి లోతు అంటే సగటు లోతు, ఒత్తిడి అంటే సగటు ఒత్తిడి. జంప్ అడుగున ఒక పీజోమీటర్ గొట్టం పెట్టి చూస్తే నీటిమట్టం మెల్లగా పెరుగుతూ పోయినట్టు కనిపిస్తుంది. ఆ సన్నని గొట్టం వేగపు కదలికలను మింగేసి, మిగిలిన ప్రశాంతమైన గీతను మాత్రమే చూపిస్తుంది. దశాబ్దాల పాటు నేల మందాన్ని నిర్ణయించింది ఆ ప్రశాంతమైన గీతే.

ఆ గీత మీద నమ్మకాన్ని కదిలించిన రెండు సంఘటనలు ప్రయోగశాలల్లో జరగలేదు. మొదటిది మనకు పొరుగునే, చిట్టగాంగ్ కొండల్లో కర్ణఫులి నది మీద కట్టిన కాప్తాయ్ ఆనకట్ట దగ్గర జరిగింది. అప్పట్లో అది తూర్పు పాకిస్తాన్. 1961 వానాకాలంలో స్పిల్‌వే నీటిని వదులుతుండగా, జంప్ మొదలయ్యే చోట కాంక్రీటు స్లాబులు ధ్వంసమయ్యాయి. అప్పుడు పారిన నీరు డిజైన్ వరదకు చాలా తక్కువ. రెండోది మెక్సికోలో గ్రిహాల్వా నది మీది మాల్పాసో ఆనకట్ట. అక్కడ 1970లో 12 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల మందం ఉన్న స్లాబులు లేచిపోయాయి. ఒక్కొక్కదాని బరువు దాదాపు 720 టన్నులు. అడుగున ఉక్కు కడ్డీలతో కట్టి ఉన్నా లేచాయి. అక్కడ కూడా అది డిజైన్ వరద కాదు.

720 టన్నుల బండను నీరు ఎలా లేపగలిగింది? మిన్నెసోటా విశ్వవిద్యాలయపు సెయింట్ ఆంథోనీ ఫాల్స్ ప్రయోగశాలలో బోవర్స్ కర్ణఫులి నమూనా మీద పనిచేశాడు. సాయ్‌తో కలిసి 1969లో ఆయన ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నకు దారి చూపింది. మెక్సికోలో సాంచెస్ బ్రిబియెస్కా, కపెల్లా విస్కాయినో 1973లో మాల్పాసో గురించి రాసినదీ దాదాపు అదే విషయం చెప్పింది. జంప్ లోపల సుడులు నిరంతరం పుడుతూ చస్తుంటాయి. ఒక సుడి స్లాబు అంచు మీదుగా పోయేటప్పుడు అక్కడి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. స్లాబుల మధ్య జాయింటు సీలు లేకుండా ఉంటే ఆ ఒత్తిడి సందులోకి దూరి, స్లాబు కింద మొత్తం పరుచుకుంటుంది. నీరు దాదాపు నలగదు కాబట్టి ఈ పాకడానికి పట్టే సమయం అత్యల్పం. అదే క్షణంలో స్లాబు పైన ఇంకో సుడి వల్ల ఒత్తిడి పడిపోయి ఉండవచ్చు. కింద ఎక్కువ, పైన తక్కువ. గడ్డపార మొన సందులో పెట్టి బండను మీటినట్టే ఈ తేడా స్లాబును మీటుతుంది. మొదటిసారి ఒక మిల్లీమీటరు కదిలితే సందు పెరుగుతుంది, తర్వాతి మీటుకు ఇంకా ఎక్కువ నీరు దూరుతుంది. రోజుల తరబడి, సెకనుకో సారి ఇది జరుగుతుంటే చివరికి కడ్డీలు అలసి తెగిపోతాయి. అప్పుడు స్లాబు లేస్తుంది. ఒక స్లాబు లేచాక పక్క స్లాబు అంచు నేరుగా ప్రవాహానికి ఎదురు నిలబడుతుంది. దాని పని ఇక ఎంతోసేపు పట్టదు.

ఇక్కడ సగటు ఎంతగా మోసం చేస్తుందో చూడాలి. స్లాబు పైన సగటు ఒత్తిడి, కింద సగటు ఒత్తిడి లెక్కవేస్తే రెండూ దాదాపు సమానమే. కాగితం మీద ఆ స్లాబు లేవడానికి కారణమే కనిపించదు. లేపేది ఆ సగటు నుంచి రెండు వైపులా ఒకేసారి తప్పిపోయిన ఒక క్షణం.

ఆ తప్పిపోవడం ఎంత ఉంటుందన్నది అరవైల నుంచి కొలుస్తూ వచ్చారు. రష్యాలో వసిలియెవ్, బుక్రెయెవ్ 1967లో గణాంక పద్ధతిలో మొదలుపెట్టారు. ఐఐటీ మద్రాస్ నుంచి అబ్దుల్ ఖాదర్, ఇలాంగో 1974లో ప్రచురించిన పత్రం, జంప్ అడుగున కల్లోల పీడన క్షేత్రం మీద ప్రపంచంలో ఎక్కువగా ఉదహరించే పనుల్లో ఒకటి. ఈ విషయంలో ఏ దేశపు సమీక్షను తిరగేసినా వాళ్ల పేర్లు ఉంటాయి. మన ప్రాజెక్టుల చర్చల్లో మాత్రం ఆ పని ప్రస్తావన వినిపించదు. మద్రాసులో, మన ముంగిట్లో జరిగిన పనిని మన నదుల మీద ఇంకా ఎక్కువగా వాడుకుని ఉండాల్సింది.

కొలతలన్నీ కలిపి చూస్తే ఒక చిత్రం తేలుతుంది. ఒత్తిడి హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం, లోపలికి వచ్చే నీటి వేగశీర్షంలో 5 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. జంప్ మొదలు నుంచి కొంత దూరం పోయాక, దాని పొడవులో మొదటి మూడో వంతులోనే గరిష్ఠానికి చేరి, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. ఫ్రౌడ్ సంఖ్య నాలుగైదు దగ్గర ఈ నిష్పత్తి ఎక్కువ. నీరు స్పిల్‌వే మీద ఎంత దూరం పరుగెత్తి వచ్చింది, దాని అడుగు పొర ఎంత పెరిగింది అన్నదాన్ని బట్టి కూడా విలువ మారుతుంది. ప్రయోగశాలల మధ్య తేడాలకు ఒక ముఖ్య కారణం ఇది.

5 శాతం, 8 శాతం అని వింటే చిన్నవిగా అనిపిస్తాయి. పది మీటర్ల వేగశీర్షంలో 6 శాతమంటే 60 సెంటీమీటర్ల నీటి ఒత్తిడే. మూడు రెట్లు వేసుకున్నా రెండు మీటర్ల లోపే కదా అనుకోవచ్చు. అలా అనుకోవడమే పొరపాటని టోసో, బోవర్స్ 1988లో చూపించారు. వాళ్లు గంటల తరబడి కొలిచి, విచలనంతో సరిపెట్టుకోకుండా అత్యంత తీవ్రమైన క్షణాలను వెతికి పట్టుకున్నారు. ఆ క్షణాల్లో ఒత్తిడి వేగశీర్షంలో 80 నుంచి 100 శాతం దాకా పోతోంది. ఈ హెచ్చుతగ్గులు గంట ఆకారపు మామూలు పంపిణీకి లొంగవు. వాటి తోక పొడవు. అయిదు నిమిషాల కొలతలో కనిపించని ఒత్తిడి అయిదు గంటల కొలతలో కనిపిస్తుంది. వరద వారం రోజులు పారితే స్లాబుకు అది ఎదురై తీరుతుంది.

అలాగని మొత్తం వేగశీర్షాన్ని మోసేంత మందంగా నేల పోయనక్కర్లేదు. ఆ విచక్షణను డిజైన్‌లోకి తెచ్చింది ఇటలీకి చెందిన ఫియొరోత్తో, రినాల్దో. 1992లో వాళ్లు చెప్పినది ఇది. తీవ్రమైన ఒత్తిడి ఒక బిందువు దగ్గర పుడుతుంది. స్లాబు మొత్తం మీద ఒకేసారి అంత ఒత్తిడి ఉండదు. సుడుల సైజుతో పోలిస్తే స్లాబు ఎంత పెద్దదైతే హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి అంత బాగా రద్దు చేసుకుంటాయి. కాబట్టి పై అంచు, కింది అంచు తీవ్రతల మధ్య తేడాను వేగశీర్షంతో గుణించి, దాన్ని స్లాబు పరిమాణాన్ని బట్టి వచ్చే ఒక తగ్గింపు గుణకంతో తగ్గించాలి. ఊహకు ఒక లెక్క వేద్దాం. తేడా పది మీటర్ల వేగశీర్షమంత ఉందనుకుందాం, స్లాబు మీద సగటు తీస్తే అందులో అయిదో వంతు మిగిలిందనుకుందాం. అంటే రెండు మీటర్ల నీటి బరువు పైకి నెడుతోంది. నీటిలో మునిగిన కాంక్రీటు మీటరు మందానికి నిజంగా మిగిలే బరువు చదరపు మీటరుకు సుమారు 1.4 టన్నులే. కాబట్టి ఈ ఒక్క కారణానికే స్లాబు 1.4 మీటర్లకు పైగా మందం ఉండాలి, లేదా ఆ లోటును యాంకర్ కడ్డీలు మోయాలి. తర్వాత 1995లో బెల్లిన్, ఫియొరోత్తో స్లాబు మీది బలాన్ని నేరుగా కొలిచి ఈ గుణకాలను సరిచూశారు. మాంచెస్టర్ నుంచి ఫర్హూదీ, నారాయణన్ అంతకు ముందే, 1991లో అలాంటి కొలతలే తెచ్చారు.

ఈ సూత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది దాని ఊహ. జాయింట్లు సీలు లేకుండా ఉంటాయని, ఒత్తిడి కిందికి పూర్తిగా దూరుతుందని అది ముందే ఒప్పుకుంటుంది. సీలు చక్కగా ఉంటే స్లాబు బతుకుతుందన్నది నిజమే. వాటర్‌స్టాపులు వేయడం, జాయింట్ల దగ్గర స్లాబులను ఒకదానికొకటి కీలు పెట్టి కలపడం తప్పనిసరి. పదేళ్ల ఎండ, వరద, ఇసుక రాపిడి తర్వాత ఆ సీలు ఎలా ఉందో ఎవరు చూశారు? చూడని దాన్ని ఉన్నట్టు లెక్కవేయడం న్యాయం కాదు.

2017 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ స్పిల్‌వే ఇదే పాఠాన్ని వేరే చోట చూపింది. అది జంప్ కింద జరగలేదు, పైన వాలు మీద జరిగింది. వేగంగా పారే నీరు జాయింట్లలోంచి, పగుళ్లలోంచి కిందికి దూరి, అక్కడ దాని వేగమంతా ఒత్తిడిగా మారి, స్లాబులను లేపేసింది. దాదాపు 1,88,000 మంది ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ స్పిల్‌వే అంతకు ముందు ఇంకా పెద్ద ప్రవాహాలనే మోసింది. కర్ణఫులి, మాల్పాసో, ఓరోవిల్ మూడూ చెప్పే మాట ఒకటే. నేల లేవడానికి శతాబ్దపు వరద అక్కర్లేదు. మామూలు వరద చాలాసేపు పారితే చాలు.

తేలని విషయాలు కూడా తక్కువేమీ లేవు. మొదటిది నమూనా పరిమాణం. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో 1916 నుంచి ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో కానీ, హైదరాబాద్ హిమాయత్‌సాగర్ ప్రయోగశాలలో కానీ యాభైలో ఒక వంతు నమూనా కడితే, నమూనాలో సెకనుకు ఏడుసార్లు వచ్చే హెచ్చుతగ్గు అసలు కట్టడంలో సెకనుకు ఒక్కసారి వస్తుంది. జంప్‌లో శక్తి ఎక్కువగా ఉండేది ఈ నెమ్మది కదలికల్లోనే. స్లాబు కదలడానికి అది తగినంత సమయం. ఈ వరకు నమూనా బాగానే పనికొస్తుంది. కానీ అసలు జంప్‌లో నీళ్లలోకి కలిసినంత గాలి నమూనాలో కలవదు. చిన్న నమూనాలో బుడగల సైజు ఆ మేరకు తగ్గదు, నీటి తలతన్యత కూడా తగ్గదు. గాలి కలిసిన నీరు హెచ్చుతగ్గులను మెత్తబరుస్తుందా, లేక వేరే చోటికి జరుపుతుందా అన్నదాని మీద పరిశోధకులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. కంప్యూటర్ లెక్కల్లో కూడా ఇదే ఇబ్బంది. మామూలుగా వాడే సగటు సమీకరణాలు నీటిమట్టాన్ని చక్కగా ఇస్తాయి, అవి హెచ్చుతగ్గులను ముందే సగటు చేసి పారేస్తాయి. సుడులను విడివిడిగా పట్టుకునే లెక్కలకు రోజుల తరబడి పెద్ద కంప్యూటర్లు కావాలి.

రెండోది తక్కువ ఫ్రౌడ్ సంఖ్య. మన బ్యారేజీలు చాలావరకు ఈ కోవలోవే. 2.5 నుంచి 4.5 మధ్య జంప్ ఒకచోట నిలవదు. జెట్ ఒకసారి నేలను, ఒకసారి పైభాగాన్ని తాకుతూ ఊగుతుంది, ఆ అలలు దిగువకు చాలా దూరం పోతాయి. పుస్తకాల్లోని కొలతలు ఎక్కువగా ఎత్తైన ఆనకట్టల కోసం, స్థిరమైన జంప్ కోసం చేసినవి. గోదావరి మీద కట్టే బ్యారేజికి వాటిని తెచ్చి అతికించడం సరిగా కుదరదు.

మూడోది, నా ఉద్దేశంలో మన ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యమైనది, గేట్లు ఎత్తే క్రమం. ప్రయోగశాల కాలువలో నీరు వెడల్పంతా సమానంగా వస్తుంది. నదిలో అలా రాదు. ఒక లెక్క చూడండి. ఇది ఏ ప్రాజెక్టుదీ కాదు, విషయం తేలడానికే. వేగశీర్షం అదే పది మీటర్లు. అన్ని గేట్లూ కొద్దికొద్దిగా ఎత్తి, 40 సెంటీమీటర్ల మందాన నీటిని వదిలితే జంప్ తర్వాత కావలసిన లోతు 3.8 మీటర్లు. అంతే నీటిని అయిదో వంతు గేట్లలోంచే, రెండు మీటర్ల మందాన వదిలితే కావలసిన లోతు 8 మీటర్లు. దిగువ నదిలో నీరు మాత్రం రెండు సందర్భాల్లోనూ అంతే, ఎందుకంటే పారుతున్న మొత్తం అంతే. నది 4 మీటర్ల లోతు ఉంటే మొదటి జంప్ బేసిన్‌లో సుఖంగా కూర్చుంటుంది. రెండోది నిలవక బేసిన్ దాటి కింది బ్లాకుల మీదికి, వాటి కింది ఇసుక మీదికి పోతుంది. పైగా ఎత్తిన గేట్లకు పక్కనున్న మూసిన గేట్ల ముందు నీరు వెనక్కి తిరిగి, దిగువ రాళ్లను బేసిన్‌లోకి లాక్కొస్తుంది. ఆ రాళ్లు కాంక్రీటును రుబ్బుతాయి, జాయింట్ సీళ్లను చింపుతాయి. సీలు పోయాక మాల్పాసో కథ మొదలవుతుంది.

గేటు దగ్గర ఉండే సిబ్బందికి ఇది అనుభవంలో తెలిసిందే. మొదటి వరద వచ్చినప్పుడు, అంటే దిగువ నది ఇంకా నిండకముందు, మొరాయించే గేటును వదిలి తేలిగ్గా లేచే గేట్లను ఎత్తుకుంటూ పోతే ఏమవుతుందో వాళ్లు చూసి ఉంటారు. గేటు మొరాయిస్తే వచ్చే ఆపద ఒక్క నేలదే కాదు. 2024 జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు కట్ట తెగింది. అక్కడ నీరు బయటికి పోయే దారి చాలక, మట్టికట్ట మీదికి పొంగి కట్ట కొట్టుకుపోయింది. ఆ ప్రాజెక్టు నీళ్లు ఎక్కువగా పారేది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాల పొలాలకే. పెద్దవాగు సమస్య జంప్ అడుగున ఒత్తిడి కాదు, అది వేరే రకం వైఫల్యం. గేటు పనిచేయడం, గేటు క్రమం, గేటు కింది నేల ఒకే గొలుసులో ఉన్నాయని అది గుర్తుచేసింది.

గోదావరి మీదికి వస్తే మన చర్చలన్నీ 2023 అక్టోబర్ 21 దగ్గర మొదలవుతాయి. ఆ రాత్రి మేడిగడ్డ బ్యారేజి ఏడో బ్లాకు కుంగింది. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు ప్రాథమికంగా చూపిన ముఖ్య కారణం పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం. అది ఊట నీటి సమస్య. మన దేశంలో ఆ విద్యకు మూలం ఖోస్లా, బోస్, టేలర్ 1936లో ఇచ్చిన సిద్ధాంతం. ఇసుక మీద కట్టే ప్రతి ఆనకట్టా ఇప్పటికీ దాని ప్రకారమే. ఆ సిద్ధాంతం లెక్కవేసేది కింది నుంచి నెమ్మదిగా, స్థిరంగా పైకి నెట్టే ఊట ఒత్తిడిని. పైన జంప్ బాదే ఒత్తిడి అందులోకి రాదు.

మేడిగడ్డ మొదటి వరద చూసిన 2019లోనే దిగువన ఉన్న సిమెంటు కాంక్రీటు బ్లాకులు చెదిరాయన్నది రికార్డులో ఉంది. అన్నారం, సుందిళ్ల బ్యారేజీల్లోనూ దిగువ బ్లాకులు దెబ్బతిన్నాయి. వానాకాలం ముందూ తర్వాతా నేలను తడిమి చూడడం, లోతులు కొలవడం సరిగా జరగలేదని భద్రతా సంస్థ ఎత్తిచూపింది. దిగువ బ్లాకులు చెదిరితే ఊట నీటికి బయటికి వచ్చే దారి మారుతుంది. ఇసుకను పట్టి ఉంచే ఫిల్టర్ పోతుంది. అంటే పైనుంచి బాదే ఒత్తిడి చేసిన నష్టం, కింది నుంచి నెట్టే ఒత్తిడికి దారి ఇస్తుంది. ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాల్లో రాసుకున్నాం, వేర్వేరు సెక్షన్లలో లెక్కవేసుకున్నాం. ఇసుక మాత్రం వాటిని విడదీసి చూడదు. మేడిగడ్డ గురించి ఏ వాదన విన్నా ఒక పక్షం ఊటనే చూస్తుంది, ఇంకో పక్షం గేట్ల నిర్వహణనే చూస్తుంది. రెండూ ఒకే నేలను పైనుంచి, కిందినుంచి పట్టుకున్నవే అనే కోణంలో ఈ విషయాన్ని చదవాలని నా అభిప్రాయం.

ఇసుక నదిమీద కట్టడం మనకు కొత్త కాదు. దుమ్ముగూడెం దగ్గర 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్టలో, ధవళేశ్వరంలో కాటన్ కట్టిన దానిలో, దిగువ ఏప్రన్ అంటే విడిరాళ్ల పరుపు. ప్రతి వరదకు రాళ్లు కొంత కిందికి జారతాయి, ప్రతి వేసవిలో కొత్త రాళ్లు వేస్తారు. ఆ నేలలో ఒత్తిడి చిక్కుకునే అవకాశమే లేదు, రాళ్ల సందుల్లోంచి బయటికి పోతుంది. నేల ఏటా కొంత చెడుతుంది కాబట్టి ఏటా దాన్ని చూడక తప్పేది కాదు. కాంక్రీటు స్లాబు అలా కుంగి సర్దుకోదు. అది గట్టిగా ఉంటుంది, లేదా విరుగుతుంది. విరిగేదాకా బాగున్నట్టే కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూడడం మానేశాం.

దిగువన పోలవరం స్పిల్‌వే 48 గేట్లతో, 50 లక్షల క్యూసెక్కుల డిజైన్ వరదతో, స్టిల్లింగ్ బేసిన్‌తో కట్టినది. భద్రాచలం ఇప్పటివరకు చూసిన అతి పెద్ద వరద 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అంత నీరు వచ్చినప్పుడు దిగువ మట్టం కూడా బాగా లేస్తుంది, జంప్ మునిగిపోతుంది. మునిగిన జంప్ నేలను అంత తీవ్రంగా బాదదు. కాబట్టి ఈ నేలకు అసలు పరీక్ష అతి పెద్ద వరదలో కాకుండా, నాలుగైదు లక్షల క్యూసెక్కులు కొన్ని గేట్లలోంచే రోజుల తరబడి పోయే మామూలు ఆగస్టులో ఉంటుంది. నమూనా పరీక్షల్లో అలాంటి పాక్షిక ప్రవాహాలకు, అసమాన గేట్లకు ఎంత సమయం ఇచ్చారన్నది ఏ స్పిల్‌వే గురించైనా అడగవలసిన మొదటి ప్రశ్న.

కృష్ణ వైపు శ్రీశైలం, నాగార్జునసాగర్లలో జంప్ లేదు. అక్కడ నీటిని బకెట్‌తో గాల్లోకి ఎగరేసి దూరంగా పడేస్తారు, కింది రాయే దెబ్బ తింటుంది. శ్రీశైలం దిగువ గొయ్యి గురించి మనం ఎన్నో ఏళ్లుగా ఆందోళన పడుతున్నాం. ఆ రాతి పగుళ్లలోకి ఒత్తిడి దూరి, పగులు పొడవును బట్టి ప్రతిధ్వనించి ఇంకా పెరుగుతుందని స్విట్జర్లాండ్‌లో లోజాన్ పరిశోధకులు బొల్లార్ట్, ష్లైస్ 2000ల మొదట్లో చూపించారు. సూత్రం ఒకటే. అక్కడ స్లాబు జాయింటు బదులు రాతి పగులు ఉంటుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అశ్వాపురం మండలం అమ్మగారిపల్లి దగ్గర గోదావరి మీద సీతమ్మసాగర్ బ్యారేజి ప్రణాళికలో 36.57 టీఎంసీల నిల్వ, 320 మెగావాట్ల విద్యుత్ ఉన్నాయి. ఇసుక మీద, తక్కువ ఫ్రౌడ్ సంఖ్యతో, పొడవైన గేట్ల వరుసతో కట్టేది. నేలకు కావలసినదేమిటో పైన చెప్పినదాన్ని బట్టి తేలుతోంది. జాయింట్లు సీలు లేనట్టే ఊహించి మందం, యాంకర్లు లెక్కవేయడం. పెద్ద వరదకే కాక, తొలి వరద తక్కువ దిగువ మట్టంతో వచ్చినప్పుడు గంటల తరబడి నమూనా నడిపి తీవ్ర క్షణాలను కొలవడం. ఎన్ని గేట్లు, ఎంత ఎత్తు, ఏ వరుసలో అన్న పట్టికను లస్కరు చేతికి తెలుగులో ఇవ్వడం. 2021 ఆనకట్టల భద్రతా చట్టం వానాకాలం ముందూ తర్వాతా తనిఖీ చేయాలంటోంది. ఆ తనిఖీ కట్ట మీద నడిచి, గేట్లకు గ్రీజు చూసి తిరిగి రావడంతో సరిపోదు. బేసిన్‌లో నీళ్లు తోడి, వీలుకాకపోతే లోతులు కొలిచి, స్లాబు అంచులు ఎన్ని మిల్లీమీటర్లు లేచాయో రాసిపెట్టాలి. తాలిపేరు, కిన్నెరసాని లాంటి చిన్న కట్టడాల దగ్గర ఇది ఏటా వేసవిలో చేయగలిగిన పనే.

కొలిచే పరికరం కూడా పెద్ద ఖర్చేమీ కాదు. వేలు లావు పీడన సెన్సర్లను నాలుగైదు బేల (గేటు స్తంభాల మధ్య భాగాల) నేలలో, జంప్ మొదటి మూడో వంతులో, స్లాబుకు పైన ఒకటి, కింద ఒకటి అమర్చితే చాలు. సెకనుకు కొన్ని పదుల సార్లు చదివితే ఒక వరదకాలంలో మన నదికి, మన ఇసుకకు, మన గేట్లకు సంబంధించిన అసలు అంకెలు వస్తాయి. ప్రపంచ సాహిత్యంలో నిజమైన కట్టడాల మీద తీసిన అలాంటి కొలతలు చాలా తక్కువ. అందులోనూ ఇసుక నది మీది బ్యారేజివి ఇంకా తక్కువ. ఆ కేబుల్ గొట్టాలు వేయాల్సింది కాంక్రీటు పోయకముందే. పోసిన తర్వాత నీళ్లు ఆపి, బే తోడి, స్లాబును తొలిస్తే తప్ప వాటికి చోటు దొరకదు.